గుర్రంతో కట్టిన ఆట

ఆ ఉదయం ఖోవ్ద్ ఊరి మీద ఆకాశం లేదు. రాత్రంతా నల్లగా ఉన్నది తెల్లవారేసరికి పసుపుపచ్చబడింది, అంతే తేడా. ఎడారి మీంచి లేచిన దుమ్ము ఊరిని మూతవేసి కూర్చుంది. దొడ్లలో గొర్రెలు గాలికి వీపు పెట్టి, ఒకదాని పొట్ట కింద ఒకటి తల దూర్చి నిలబడ్డాయి. ఊరి బయట విమానాల మైదానంలో, నిన్న దిగిన చిన్న విమానం రెక్కలకు మోకులు కట్టించుకుని కదలకుండా ఉంది. దుమ్ము అణిగితే అది రాజధానికి లేస్తుంది. అందులో సంబూ చేతులకు సంకెళ్ళతో కూర్చుని ఉంటాడు.

లొదోయ్ మాస్టారు ఆ తెల్లవారుజామునే పోయారు. తల వెనక దెబ్బతో రెండు రోజులు ఆసుపత్రిలో పడి ఉన్నారు. ఒక్కసారి కూడా కళ్ళు తెరవలేదు. ఊరి పోలీసు కెప్టెన్ యాదమ్ ఆ రెండు రోజులూ వరండాలో బల్ల మీద కూర్చున్నాడు. నర్సు బయటికి వచ్చి తల అడ్డంగా ఊపింది. యాదమ్ లేచి, టోపీ దులుపుకుని, పోలీసు ఠాణాకు నడిచాడు.

నిన్నటి వరకూ అది కొట్టిన కేసు. ఇప్పుడు హత్య.

కొట్టింది సంబూ అని అందరూ నమ్మారు. మాస్టారి అల్లుడు, లారీ తోలుతాడు. దెబ్బ తగలడానికి ముందురోజు మామతో వీధి దద్దరిల్లేలా అరుచుకున్నాడు. మర్నాడు రాత్రి తొమ్మిదింటికి మామను రక్తంతో ఆసుపత్రికి మోసుకొచ్చింది కూడా వాడే. తొమ్మిది వరకూ మాస్టారు బతికి, కులాసాగా, కంప్యూటర్ ముందు చదరంగం ఆడుతున్నారు. దానికి సాక్షి ఉన్నాడు. ఆ సాక్షి యాదమే.

సంబూ గదిలో మంచం లేదు. గోడకు ఆనుకుని గొంతుకూర్చుని ఉన్నాడు.

"మామ పోయాడటగా," అన్నాడు.

"ఊఁ."

"హోర్లో ఎలా ఉంది?" అని పెళ్ళాం సంగతి అడిగాడు.

"నేనింకా చూళ్ళేదు. ఆ రోజు సంగతి చెప్పు. మొదట్నుంచి."

"ఎన్నిసార్లు చెప్పాలి బాబాయ్? ఆ పట్నం మేజరు నిన్నంతా నమిలాడు."

"ఆయనకు చెప్పావు. నాకు చెప్పలేదు."

సంబూ మొహం తుడుచుకున్నాడు. "ముందురోజు అరుచుకున్నాం కదా, పట్నం పోయి కాపురం పెడతామంటే వద్దన్నాడని. రాత్రంతా నిద్ర పట్టలేదు. మర్నాడు బండి దింపి, రాత్రి తొమ్మిదింటికి పోయాను, కాళ్ళ మీద పడదామని. తలుపుకు గొళ్ళెం వేసి లేదు. లోపల చలి. పొయ్యి చల్లారిపోయింది. మామ కంప్యూటర్ బల్ల పక్కన బోర్లా పడున్నాడు. ఎత్తి బండిలో వేశాను. అంతే."

"పొయ్యి చల్లారిందా, మండుతూ తగ్గిందా?"

"చల్లారింది. ఇనుము ముట్టుకున్నా చెయ్యి కాలలేదు. లేచేటప్పుడు దాన్నే పట్టుకున్నాను."

"రక్తం?"

"కాలరుకు అట్టకట్టింది. లాగితే గుడ్డ ఊడి రాలేదు, చిరిగింది. మేజరుతో అంటే, గాలికి ఆరుంటుందిలే అన్నాడు."

యాదమ్ అతని వేళ్ళు చూశాడు. గోళ్ళ కింద ఇంజను మసి ఉంది, రక్తం లేదు. వసంతం అన్నది పేరుకే. ఆ ఊళ్ళో ఇంకా నీళ్ళ బకెట్టు మీద పొద్దున్నే మంచు కడుతోంది. డెబ్భై దాటిన ముసలాయన చల్లారిన పొయ్యి పక్కన కూర్చుని తొమ్మిది దాకా చదరంగం ఆడడు.

"నేనబద్ధం చెప్పడం లేదు బాబాయ్."

"నేనలా అనలేదు."

"మీరూ అబద్ధం చెప్పరు. ఊళ్ళో ఎవర్నడిగినా అదే అంటారు." సంబూ నవ్వబోయాడు. "అదే కదా నా ఖర్మ."

యాదమ్ బయటికి వచ్చి తలుపు వేశాడు.

మేజర్ గంజూర్ యాదమ్ కుర్చీలో, యాదమ్ బల్ల మీద కాళ్ళు చాపుకుని ఉన్నాడు. చిన్న వయసు. ఇస్త్రీ నలగని చొక్కా. రాజధాని నుంచి తెచ్చుకున్న కాఫీ పొడి డబ్బా ముందు పెట్టుకున్నాడు.

"రండి కెప్టెన్ గారూ. మీ కుర్చీ వెచ్చగా ఉంచాను."

"చల్లారనివ్వండి, పర్లేదు. పొయ్యి సంగతి మీ కాగితాల్లో ఎందుకు లేదు?"

"ఏ పొయ్యి?"

"మాస్టారింట్లో పొయ్యి చల్లారి ఉంది. రక్తం ఆరిపోయి ఉంది. కొట్టింది తొమ్మిదికి కాదు. బాగా ముందు."

గంజూర్ కాళ్ళు దించాడు. "అలా చెప్పింది ఎవరు? ముద్దాయి. తొమ్మిది దాకా ఆయన ఆడుతున్నాడని చెప్పింది ఎవరు? మీరు." ఫైలు తెరిచి వేలితో కొట్టాడు. "మీ సంతకమే ఇది. చదవమంటారా? 'పొద్దు గూకినప్పటి నుంచి తొమ్మిది వరకు నేను, అన్నదమ్ములమని ప్రమాణం చేసుకున్న నా అన్న తుదెవ్ ఇంట్లో ఉన్నాను. తుదెవ్ లోపలి గదిలో లొదోయ్ మాస్టారితో కంప్యూటర్ మీద చదరంగం ఆడుతున్నాడు. పావుల చప్పుడు నేను విన్నాను.' ఒక ఇంట్లో ఒకడు, ఇంకో ఇంట్లో ఒకడు, మధ్యలో తీగ. మీ ఊరు చాలా ముందుకు పోయింది, మెచ్చుకోవాలి."

"ఆ ఆట ఎత్తులు రాసిన కాగితం ఉందా?"

"తుదెవ్ తన యంత్రంలోంచి తీసి ఇచ్చాడు. మాస్టారి యంత్రంలో ఏమీ మిగల్లేదు. ఆ రాత్రి తొమ్మిది దాటాక కరెంటు పోయిందిగా మీకు." గంజూర్ కాగితం ముందుకు తోశాడు. అతని గొంతులో అసలైన ఇష్టం వినిపించింది. "చూడండి. నేనూ యూనివర్సిటీలో ఆడినవాణ్ణే. ముసలాయన ఆట బాగుంది. మాస్టారే గెలిచాడు. ఆ ముగింపు చూశారా? గుర్రాన్ని దూకించి కట్టేశాడు. నాకే చప్పట్లు కొట్టాలనిపించింది."

యాదమ్ కాగితం అందుకోలేదు. బల్ల మీదే ఉంచి, వంగి ఆఖరి వరస చూశాడు. మళ్ళీ చూశాడు.

"ఏమిటి?" అన్నాడు గంజూర్.

"మా ఆటలో గుర్రంతో కట్టరు."

"అంటే?"

"గుర్రం రాజుకు షాక్ అని చెక్ చెప్పొచ్చు. తరమొచ్చు. ఆట మాత్రం కట్టకూడదు. పులితో కట్టు, బండితో కట్టు, ఒంటెతో కట్టు. గుర్రంతో కాదు. మా తాత దగ్గర్నుంచీ అంతే. గుర్రాల మంద కాసే ఐదేళ్ళ పిల్లకు కూడా తెలుసు."

"అది మీ గుడారాల్లో, చెక్క పావులతో ఆడే ఆట. ఇది కంప్యూటర్. ఏ ఎత్తయినా వేయనిస్తుంది."

"మాస్టారిది వేయనివ్వదు."

"మీరెప్పుడైనా వేసి చూశారా?"

"లేదు. గుర్రంతో కట్టాలని ఎవడికి తోస్తుంది?"

గంజూర్ కిటికీ వైపు చూశాడు. అద్దం అవతల ఏమీ కనిపించలేదు. "సరే," అన్నాడు లేస్తూ. "విమానం కదిలేలా లేదు. కాలక్షేపం అవుతుంది. పదండి."

మాస్టారింట్లో హోర్లో ఒక్కతే ఉంది. తండ్రి బట్టలు మడత పెడుతోంది. ఇద్దర్నీ చూసి లేవలేదు.

"మా ఆయన్ని తీసుకుపోయే ముందు చెప్పడానికొచ్చారా బాబాయ్?"

"కంప్యూటర్ చూడాలమ్మా."

"చూడండి. చూడ్డమే కదా మీ పని. వినడం మొన్నే అయింది."

యాదమ్ ఆ మాట మింగి, గది చూశాడు. పొయ్యికి ఆ పక్కన కట్టెలు ఎత్తుగా పేర్చి ఉన్నాయి. బూడిద తీయలేదు. లోపల సగం కాలిన కట్టె లేదు, అంతా మెత్తటి బూడిదే. అంటే ఆ సాయంత్రం ఒకసారి వేసిన కట్టెలు పూర్తిగా కాలాయి, మళ్ళీ వేసే చెయ్యి లేకపోయింది. కుర్చీ బల్లకు దూరంగా, గుమ్మం వైపు తిరిగి ఉంది. ఆటలో ఉన్న మనిషి కుర్చీ అలా ఉండదు. వచ్చినవాడితో మాట్లాడ్డానికి తిప్పుకున్న కుర్చీ అది. చిన్న బల్ల మీద రెండు టీ గిన్నెలు. ఒకటి ఖాళీ. రెండోది నిండా ఉంది. చల్లారిన పాల టీ మీద వెన్న తెల్లగా పేరుకుంది.

"ఈ గిన్నెలు ఎవరైనా ముట్టుకున్నారా?"

"మీ వాళ్ళే ఏదీ ముట్టుకోవద్దన్నారు," అంది హోర్లో.

యాదమ్ గంజూర్ వైపు చూశాడు. "సంబూ తొమ్మిదికి వచ్చి, వెంటనే కొట్టి, వెంటనే ఎత్తుకుపోయాడు అన్నారు. టీ ఎవరికి పోశారు?"

గంజూర్ జేబులోంచి పెన్ను తీశాడు.

హోర్లో మీట నొక్కింది. తెర వెలిగింది. దాని మీద గళ్ళు, గళ్ళలో మాస్టారు చెక్కిన పావులు. ఒంటెకు ఒక మూపురం అరిగి ఉంది. మంత్రి స్థానంలోని పులి నోరు తెరిచి ఉంది. బండి చక్రానికి చీలిక ఉంది. బడి నుంచి రిటైరయ్యాక ఆయన ఐదేళ్ళు ఈ యంత్రం ముందు కూర్చుని, ఎక్కడో తెల్లవాళ్ళు రాసి ఉచితంగా వదిలేసిన చదరంగం ప్రోగ్రామును ముక్క ముక్కగా మార్చుకుంటూ వచ్చారు. మొదట పావులు మార్చారు. తర్వాత, పులి ముందరి బంటు ఒక్కటే మొదట రెండు గళ్ళు నడవాలన్న నియమం పెట్టారు. తర్వాత చప్పుళ్ళు. నున్నటి రాతి మీద పావు పెట్టిన చప్పుడు ఆయనకు నచ్చలేదు. జంపఖానా మీద పెట్టి, అది పలికే దాకా పెట్టి పెట్టి, దాన్ని రికార్డు చేశారు. పెద్ద పావు రాజును తరిమితే "షాక్", ఒంటె తరిమితే "తుక్", బంటు తరిమితే "త్సోద్" అని ఆయన గొంతే అరుస్తుంది.

హోర్లో గంజూర్ తెచ్చిన కాగితం చూసి ఒక్కో ఎత్తూ చదివింది. యాదమ్ వేశాడు. జంపఖానా చప్పుడు ఒక్కొక్కటే పడుతూ వచ్చింది. గంజూర్ వెనక నిలబడి, ముందు ఏదో అనుకుంటూ, తర్వాత అనుకోవడం మానేసి చూశాడు.

ఆఖరి ఎత్తు వచ్చింది. యాదమ్ గుర్రాన్ని ఎత్తి రాజు మూల పక్కన దించాడు.

గుర్రం అక్కడ నిలవలేదు. ఎగిరి మళ్ళీ పాత గడిలోకి వచ్చింది. తెరలోంచి మాస్టారు పలికారు:

"ఏరా, గుర్రంతో కట్టేస్తావా? మీ నాన్న నీకు ఆట నేర్పలేదా, లేక నేర్పేలోపు పారిపోయి వచ్చావా?"

హోర్లో చేతిలోంచి కాగితం జారింది. తెల్లవారుజామున పోయిన మనిషి గొంతు. వెటకారం చివర ఆయన నవ్వు ఆపుకోలేక దగ్గిన దగ్గు కూడా అందులో ఉంది.

"ఇంకోసారి వెయ్యండి," అన్నాడు గంజూర్.

"వద్దు," అంది హోర్లో.

"ఒక్కసారి. నేను వేస్తాను." గంజూర్ వంగి వేశాడు. గుర్రం వెనక్కి వచ్చింది. మాస్టారు మళ్ళీ తిట్టారు. హోర్లో గోడ వైపు తిరిగి నిలబడింది.

గంజూర్ నిటారుగా లేచాడు. గొంతు తగ్గింది. "ఇది ఎప్పుడు పెట్టాడు? మొన్నా?"

"కొత్త సంవత్సరం పండక్కి," అంది హోర్లో, ఇటు తిరక్కుండా. "నా ముందే రికార్డు చేశాడు. నాలుగుసార్లు చెప్పాడు, నాలుగుసార్లూ నవ్వొచ్చి ఆగిపోయాడు. ఐదోది ఇది."

"మాస్టారి యంత్రం వద్దంటే, తుదెవ్ యంత్రం సరేనంటే?"

"పడదు," అంది హోర్లో. "రెండిళ్ళ మధ్య ఆడేటప్పుడు రెండు యంత్రాలూ ఒప్పుకుంటేనే ఎత్తు పడుతుంది. ఒకటి కాదంటే ఆట అక్కడే ఆగుతుంది."

గంజూర్ కాగితం ఎత్తుకున్నాడు. "అంటే ఈ ఆట ఈ యంత్రంతో ఆడింది కాదు."

"ఎవరితోనూ ఆడింది కాదు," అన్నాడు యాదమ్. హోర్లో వైపు తిరిగాడు. "అమ్మా హోర్లో. గుర్రం నియమం లేని ఆట ఎవరి దగ్గరుంది?"

హోర్లో గోడకే చెప్పింది.

"తుదెవ్ బాబాయ్ దగ్గర. విదేశాల వాళ్ళకు ఫోన్లలో ఆడుకోవడానికి పంపుతానన్నాడు. వాళ్ళకు గుర్రం సంగతి అర్థం కాదు, యంత్రం చెడిపోయిందనుకుంటారు, ఆ నియమం తీసేద్దాం అన్నాడు. నాన్న ఒప్పుకోలేదు. గుర్రం నియమం తీస్తే నా గొంతూ తియ్యి, నా పావులూ తియ్యి, నా పేరూ తియ్యి అన్నాడు. పోయిన వారం ఇక్కడే, ఇదే గదిలో. తుదెవ్ బాబాయ్ అప్పటికే తీసేసి పెట్టుకున్నాడని నాన్నకు తర్వాత తెలిసింది. అన్నం తినలేదు ఆ రోజు. నా చేతిలో చదువుకున్న కుర్రాడు నన్నే చెరిపేశాడే అని ఒక్కటే మాట."

"నాకెందుకు చెప్పలేదు?"

ఇప్పుడు హోర్లో ఇటు తిరిగింది. కళ్ళలో నీళ్ళు లేవు.

"మీకా? ఆయన మీద మీకు చెప్పాలా బాబాయ్? మీరిద్దరూ ప్రమాణం చేసుకున్నవాళ్ళు. సైన్యంలో మంచులో ఒకే కోటు కింద పడుకున్నామని మీరే చెప్పారు మా పెళ్ళిలో."

గాలికి రేకు కప్పు చప్పుడు చేసింది. గంజూర్ యాదమ్ ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

"బయటికి రండి."

వాకిట్లో దుమ్ముకు కళ్ళు చికిలించి, గంజూర్ గొంతు పెంచాడు. "ఒక్క ప్రశ్న. ఆ సాయంత్రం మీరు నిద్రపోయారా, లేక మీరూ ఇందులో ఉన్నారా? రెంటిలో ఏదైనా నేను రాసుకుంటాను."

"కునుకు పట్టింది. తాగాను కూడా. పాల సారా."

"వాంగ్మూలంలో అది లేదే!"

"అడగలేదు. నేనూ చెప్పలేదు."

"అడగలేదట! ఒక మనిషిని మీ మాట మీద జన్మంతా జైలుకు పంపబోతున్నాను నేను. ఆ కాగితం వెనక్కి తీసుకుంటే మీ ఉద్యోగం ఉండదు. తెలుసుగా?"

"తెలుసు."

"తీసుకోకపోతే సంబూ పోతాడు. అదీ తెలుసుగా?"

"తెలుసు కనకే ఇక్కడున్నాను. తుదెవ్ ఇంటికి నేను ముందు పోతాను. ఒక్కణ్ణి."

"పారిపోమని చెప్పడానికా?"

యాదమ్ అతని వైపు అలాగే చూశాడు. గంజూర్ కొంచెం వెనక్కి తగ్గి, మొహం మీది ఇసుక తుడుచుకున్నాడు.

"సరే. నేను వెనకే వస్తాను. ఎక్కువసేపు ఆగను."

రెండు సందులు. యాదమ్ గోడల పక్కనే నడిచాడు. నడుస్తూ ఆ సాయంత్రాన్ని మళ్ళీ విన్నాడు.

తుదెవ్ సీసా ముందు పెట్టి, "మాస్టారు పిలుస్తున్నాడురా, ఒక్క ఆట. మధ్యలో పిలవకు, ఆయనకు కోపం" అని లోపలి గది తలుపు వేసుకున్నాడు. తర్వాత జంపఖానా మీద పావు చప్పుడు. మళ్ళీ చప్పుడు. మళ్ళీ. ఒకే ఎడం. గోడ గడియారం పక్కన పడుకున్నట్టు ఉంది. ఆ లయకే కునుకు పట్టింది. మాస్టారు అలా ఆడరు. ఆయన ఒక ఎత్తుకు టీ తాగి, ఇంకో ఎత్తుకు ముక్కుపొడి పీల్చి, బయటికి పోయి వచ్చి కానీ బంటును కదపరు. తుదెవ్ అసలే అలా ఆడడు. పావు పోతే వాడి అరుపుకు కుక్కలు మొరుగుతాయి. ఆ సాయంత్రం గదిలోంచి వాడి మాట ఒక్కటి కూడా రాలేదు. బయట తనున్నాడని మర్యాదకు నోరు మూసుకున్నాడనుకున్నాడు యాదమ్. లోపలి గదికి, కట్టెల కొట్టం మీదుగా బయటికి పోయే ఇంకో తలుపుంది. దాన్ని బిగించింది యాదమే, పోయిన వేసవిలో, మూడు మేకులు నోట్లో పెట్టుకుని.

యంత్రం రెండు వైపులా తనతో తానే ఆడుకుంటూ కూర్చుంది. తనేమో బయట కాపలా కూర్చున్నాడు.

తుదెవ్ గుమ్మంలోనే ఎదురొచ్చాడు. పెద్ద చేతులు, ఎర్రబడ్డ కళ్ళు. అవి దొంగ కళ్ళు కావు. నిజంగా ఏడ్చిన కళ్ళు.

"మాస్టారు పోయారటరా."

"ఊఁ."

"రా, లోపలికి రా. ఏంటా మొహం, బూడిదలో పొర్లిన మేకలాగా. దెజిద్! నీ మరిది వచ్చాడు. పొయ్యి మీద ఏం పెట్టావో అది పెంచు."

"వదిన ఎప్పుడొచ్చింది?"

"నిన్న. చెల్లెలి ఇంటి నుంచి," అన్నాడు తుదెవ్. వంటింట్లోంచి దెజిద్ తల బయట పెట్టింది. "కూర్చో మరిదీ. ఎండు మాంసం ఉడుకుతోంది. పిండి కోస్తున్నాను. కోసేలోపు వెళ్ళిపోతే ఊరుకోను."

"వెళ్ళను వదినా," అన్నాడు యాదమ్. తర్వాత తుదెవ్‌తో: "కంప్యూటర్ పెట్టు. ఒక ఎత్తు చూడాలి."

"ఈ రోజా?"

"ఈ రోజే."

లోపలి గదిలో యాదమ్, గంజూర్ దగ్గర తీసుకున్న కాగితం బల్ల మీద పరిచాడు. తుదెవ్ ఎత్తులు వేసుకుంటూ పోయాడు. మొదట అలవాటుగా, గబగబా. సగానికి వచ్చేసరికి చెయ్యి నెమ్మదించింది. ఆఖరి ఎత్తు ముందు ఆగిపోయింది.

యాదమ్ వంగి, తనే గుర్రాన్ని ఎత్తి, రాజు మూల పక్కన దించాడు.

గుర్రం అక్కడే నిలబడింది. గళ్ళు ఎర్రబడ్డాయి. మాస్టారి గొంతు, ఆయన ఇంకెక్కడో ఇంకెందుకో చెప్పిన మాట, "మాత్" అని ఆట కట్టేసింది.

తుదెవ్ తెర వైపే చూస్తూ ఉన్నాడు.

"చూళ్ళేదురా."

"ఏది?"

"ముగింపు. మాస్టారు గెలిచినట్టొచ్చింది. ఎప్పుడూ ఆయనే గెలిచేవాడు కదా. అది చాల్లే అనుకున్నాను. దేంతో కట్టిందో చూళ్ళేదు."

"నువ్వే తీసేశావు ఆ నియమం."

"నేనే తీసేశాను." తుదెవ్ మొహం రెండు చేతుల్తో కప్పుకున్నాడు. "కొట్టడానికి పోలేదురా. నీ మీద ఒట్టు. ఒప్పించడానికి పోయాను. టీ పోసి కూర్చోబెట్టాడు. నా గొంతు నాకిచ్చెయ్ అన్నాడు. ఊరంతా పిలిచి చెప్తానన్నాడు, వీడు నా శిష్యుడు కాడని. వెనక్కి తిరిగి ఆ కంప్యూటర్ మీట నొక్కబోయాడు. చేతికి కట్టె దొరికింది."

"ఒప్పించడానికి పోయేవాడు యంత్రాన్ని ఆటకు కూర్చోబెట్టి, నన్ను కాపలా కూర్చోబెట్టి పోడు."

తుదెవ్ చేతులు దించాడు.

"నన్నే ఎందుకు పిలిచావురా? పక్కింటివాణ్ణి పిలవాల్సింది. షాపువాణ్ణి పిలవాల్సింది."

"వాళ్ళ మాటను ఎవడో ఒకడు కాదంటాడు." తుదెవ్ తెర కేసి చూశాడు. "నీ మాటను ఈ ఊళ్ళో ఎవడూ కాదనడు."

బయట వంటింట్లో పిండి కోస్తున్న కత్తి చెక్క మీద టకటకా పడుతోంది.

"సంబూ?"

"వాడొస్తాడనుకోలేదు. ఎవడూ రాకపోతే పొద్దున్నే నేనే చూసినట్టు అరుద్దామనుకున్నా."

"వాడొచ్చాడు. వాణ్ణి పట్టుకున్నారు. రెండు రోజులు. నేను ఆసుపత్రి వరండాలో ఉంటే నువ్వొచ్చి నా పక్కన కూర్చున్నావు. నా భుజం మీద చెయ్యేశావు."

తుదెవ్ ఆ చేతిని ఒళ్ళోకి లాక్కున్నాడు.

బయట జీపు ఆగిన చప్పుడైంది. గంజూర్ తలుపు కొట్టకుండానే లోపలికి వచ్చి, గది గుమ్మంలో నిలబడి, ముందు ఎర్రటి గళ్ళు చూశాడు, తర్వాత ఇద్దరి మొహాలూ చూశాడు. అడగవలసింది ఏమీ మిగల్లేదు.

"సంబూను వదిలెయ్యమని చెప్పండి," అన్నాడు యాదమ్. "నా కాగితం నేను వెనక్కి తీసుకుంటున్నాను. సాయంత్రం వచ్చి రాసిస్తాను, ఎందుకో కూడా."

గంజూర్ వైర్‌లెస్ పెట్టె నోటి దగ్గర పెట్టుకుని రెండు ముక్కలు చెప్పాడు. అవతల ఎవరో మళ్ళీ అడిగారు. మళ్ళీ చెప్పాడు. తర్వాత సంకెళ్ళు తీశాడు.

"అమ్మో, ఇంకో చుట్టమా!" దెజిద్ చేతులు తుడుచుకుంటూ పొగలోంచి వచ్చింది. కొత్త మనిషి చేతిలోని ఇనుము ఆమె కంటబడలేదు. గంజూర్ దాన్ని వెనక్కి దాచాడు. "పట్నం నుంచి వచ్చినాయన కదూ? చలిలో నిలబడ్డారేం? రండి రండి. అయింది, గిన్నెలు పెట్టేస్తున్నాను."

గంజూర్ యాదమ్ వైపు చూశాడు. మొదటిసారి, అడుగుతున్నట్టు. యాదమ్ తల వంచి, పీట మీద కూర్చున్నాడు. గంజూర్ సంకెళ్ళు కోటు జేబులో వేసుకుని, అతని పక్కన కూర్చున్నాడు. తుదెవ్ రావడానికి కొంత ఆలస్యమైంది. వచ్చి, ఎప్పుడూ కూర్చునే చోట, యాదమ్‌కు ఎదురుగా కూర్చున్నాడు.

దెజిద్ మూడు గిన్నెలు పెట్టింది. నాలుగో గిన్నె తనకు తీసుకోలేదు, పొయ్యి దగ్గరే నిలబడింది. ఎండు మాంసం మెత్తగా విడిపోయింది. పిండి ముక్కలు పులుసులో జారుతున్నాయి. ఎవరూ బాగుందని అనలేదు, బాగా లేదని అనలేదు. చెంచాలు మాత్రం గిన్నెలకు తగులుతున్నాయి. దెజిద్ ఒక మొహం నుంచి ఇంకో మొహానికి చూసి, ఉప్పు డబ్బా తెచ్చి మధ్యలో పెట్టింది. ఎవరూ దాన్ని ముట్టుకోలేదు. అప్పుడు తనూ ఒక గిన్నె తెచ్చుకుని, భర్త పక్కన నేల మీద కూర్చుంది.

తుదెవ్ తన గిన్నెలో అడుగున చేరిన, అయినవాళ్ళకు తీసిపెట్టే కొవ్వు ముక్కను వెతికి, చెంచాతో పైకి తీశాడు. చెయ్యి చాపి, దాన్ని యాదమ్ గిన్నెలో వేశాడు.

యాదమ్ దాన్ని చూస్తూ కూర్చున్నాడు. తర్వాత నోట్లో పెట్టుకుని నమిలాడు. మింగడానికి చాలాసేపు పట్టింది.